నడిసముద్రంలో ఆగిపోయిన చుక్క

సిప్పీఘాట్ ఫారంలో నాతోపాటు మిరియపు తీగ ముక్కల్ని సంచుల్లో నాటే ఆడవాళ్ళకి ఈమధ్య ఒకటే సందేహం. పెద్ద ఫోను కొనుక్కోవాలా, అక్కర్లేదా? ఆ సందేహం తీర్చాల్సింది నేనే అన్నట్టు, మధ్యాహ్నం అన్నం గిన్నెల మూతలు తీసీ తీయకముందే నా చుట్టూ చేరతారు. కొనుక్కోమంటే రేపు ఏదైనా తిరకాసు వచ్చినప్పుడు నా నెత్తిన పడతారు. వద్దంటే, మరి నువ్వెందుకు వాడుతున్నావని మూతి తిప్పుతారు. అందుకని నేనేమీ తేల్చను. నా మొదటి పెద్ద ఫోను నన్ను పెట్టిన అవస్థంతా చెప్పి, ఇక మీ ఇష్టం అంటాను. ఎన్నిసార్లు చెప్పినా చివరికి వచ్చేసరికి నాకు హాయిగా ఊపిరి ఆడుతుంది. ఆ హాయి కోసం అడగనివాళ్ళకి కూడా చెబుతుంటాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ అండమాన్ దీవులకొచ్చాడు. నేను పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో పుట్టాను, అక్కడే కాపురం చేశాను, మా ఆయన పోయాక అక్కడే ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్ళి చేశాను. అల్లుడిది హట్‌బే. లిటిల్ అండమాన్‌లో ఉంటుంది ఆ ఊరు, మాకూ దానికీ మధ్య సముద్రమే. పొద్దున్నే అక్కడ బోటెక్కితే మధ్యాహ్నం దాటాక గానీ ఇక్కడ ఫీనిక్స్ బే జెట్టీలో దిగరు. అదీ బోటు నడిస్తే. గాలి లేచిందంటే ఎక్కడివాళ్ళక్కడ గప్‌చుప్.

అప్పటిదాకా నా దగ్గర బటన్ల ఫోను ఉండేది. దాని మీద ఒక్క చెడ్డమాట చెప్పలేను. మోగితే ఎత్తేదాన్ని, మాట అయిపోతే పెట్టేసేదాన్ని, దాని పని అది చేసేది, నా పని నేను చేసుకునేదాన్ని. అమ్మాయి కడుపుతో ఉండి ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, దాన్ని తీసి అలమార్లో పడేసి ఈ పెద్ద ఫోను నా చేతిలో పెట్టింది. తొలి కాన్పుకి ఎలాగూ నా దగ్గరికే వస్తుంది కదా, ఆ లోపల రోజూ నన్ను చూసుకో అమ్మా అంది. నేను వద్దన్నాను. నా వద్దు ఎవరు విన్నారు?

మంచి ముందు చెబుతాను. రోజూ సాయంత్రం దాని మొహం చూసేదాన్ని. హట్‌బే నెట్‌వర్క్ సంగతి తెలిసిందే. మాట ఇప్పుడొస్తే బొమ్మ కాసేపటికి వచ్చేది. నోరు తెరిచి ఆవలిస్తుండగా బొమ్మ ఆగిపోయేది, నేను ఆ ఆవలింతనే చూస్తూ కూర్చునేదాన్ని. అయినా చూడటం చూడటమే. తిన్నావా అని అడిగితే తిన్నానంటుంది కూతురు. మొహం చూస్తే తెలిసిపోతుంది తిన్నదో లేదో. ఒక్కోరోజు వాపేమైనా ఉందేమోనని పాదాలు చూపించమనేదాన్ని. సిగ్గులేదా అమ్మా అంటూనే ఫోను కిందికి తిప్పేది.

ఇక చెడు. గర్భిణులు తినకూడనివి, తాగకూడనివి, పడుకోకూడని పక్కలు, వినకూడని వార్తలు, అన్నీ ఎవరో ఒకరు నాకు పంపేవారు. వద్దు వద్దనుకుంటూనే అన్నీ చూసేదాన్ని. చూసి ఊరుకుంటానా, సాయంత్రం అమ్మాయికి చెప్పేదాన్ని. ఒకరోజు బొప్పాయి, ఇంకోరోజు చంద్రగ్రహణం, మర్నాడు ఇంకేదో. నువ్వు ఈ ఫోను లేనప్పుడే తెలివిగా ఉండేదానివి అని అది విసుక్కునేది. అది అన్నమాటలో తప్పేమీ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా తెలుగు చర్చి స్త్రీల సమాజం గ్రూపు ఒక ఎత్తు. వెనకటికి ప్రార్థన మనవులన్నీ చాప మీద కూర్చుని చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో చెప్పుకుంటున్నాం. మా చిన్నవాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవటం రాదు, అందుకని అంతా గొంతుతోనే పంపుకుంటాం. ఒకరు మనవి పెడితే మిగతా అందరూ ప్రార్థన చేసి పంపాలి. ఎవరి కోసం చేశారో వాళ్ళు ప్రతి ప్రార్థనా చివరిదాకా విని ఆమెన్ పెట్టాలి. ఇదెవరూ రాసిపెట్టిన రూలు కాదు, కానీ తప్పితే ఊరుకోరు. నేనొకసారి ఒకావిడ ప్రార్థనకి ఆమెన్ పెట్టడం మర్చిపోయాను. ఆదివారం ఆవిడ నా ఎదురుగా నిలబడి నా పక్కనున్నావిడకి మాత్రం వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. పైగా గ్రూపులో ఒకసారి చేశాక, ప్రేమ ఉన్నవాళ్ళు మళ్ళీ విడిగా ఒకసారి పంపుతారు. మావాళ్ళ ప్రార్థనలు పొట్టిగా ఉండవు. ఏదెను తోటలో మొదలైతే డెలానీపూర్ చేరేసరికి టీ చల్లారిపోతుంది.

ఫోన్లో బోటుని చుక్కగా చూడటం నాకు నేర్పింది పక్కింటి బెంగాలీ దీదీ. ఆవిడ భర్త షిప్పులో పనిచేస్తాడు. ఏ ఓడ ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చంటూ నాకూ ఆ యాప్ పెట్టి చూపించింది. నీలంగా సముద్రం, అందులో చిన్న చుక్క, అదే బోటు. చుక్క కదులుతుంటే బోటు నడుస్తున్నట్టు. అబ్బ, ఎంత సంబరపడ్డానో. అమ్మాయి ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నా కళ్ళ ముందే ఉంటుంది కదా అనుకున్నాను.

అమ్మాయికి ఎనిమిదో నెల నిండుతోంది. వానలు ముదురుతున్నాయి, బోటు ఒకరోజు నడిస్తే ఇంకోరోజు నడవటం లేదు. ఎలాగో అమ్మాయికీ అల్లుడికీ టికెట్లు దొరికాయి. బయల్దేరే ముందు సాయంత్రం ఫోన్లో చూస్తే దాని మొహం నాకు నచ్చలేదు. కళ్ళ కింద ఉబ్బి ఉంది. ఫోన్లో అలాగే కనబడుతుంది లేమ్మా అంది. ఫోన్లో కాదు, నీ మొహంలోనే ఉంది, బోటెక్కే ముందు ఆస్పత్రిలో చూపించుకుని ఎక్కు అని గట్టిగా చెప్పాను. సరేలే అంది. అది సరేలే అన్న పని చేయగా నేనెప్పుడూ చూడలేదు. అందుకని పొద్దున్నే తిన్నగా బోటే ఎక్కి ఉంటుందనుకుని ఫోను ముందేసుకుని కూర్చున్నాను. ఆరోజు ఫారంకి సెలవు పెట్టాను.

అమ్మాయి ఫోను కలవలేదు, అల్లుడిదీ కలవలేదు. సముద్రంలో కలవవు కాబట్టి నేనేమీ కంగారుపడలేదు. చుక్క హట్‌బే వదిలింది. నెమ్మదిగా పైకి వస్తోంది. నేను వంకాయలు తరుగుతూ ఒక కన్ను దానిమీదే ఉంచాను. తరగటం అయ్యి, కూర పొయ్యి మీద పెట్టి వచ్చి చూస్తే చుక్క అక్కడే ఉంది. కూర ఉడికింది. అక్కడే ఉంది. దీదీ ఇంటికి పరిగెత్తితే తాళం. బయట గాలికి కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి. నడిసముద్రంలో బోటు ఎందుకు ఆగుతుంది? ఇంజను పోయిందా? ఆగిన బోటుని అలలు ఊరికే వదులుతాయా? ఆ మొహం ఉబ్బిన పిల్ల, ఆ కడుపుతో, లోపల ఎక్కడ కూర్చుందో.

అప్పుడు నేను చేసింది మా చర్చి ఆడవాళ్ళలో ఎవరైనా చేసేదే. గ్రూపు తెరిచి, నా కూతురు నిండు కడుపుతో హట్‌బే బోటులో ఉంది, బోటు సముద్రం మధ్యలో ఆగిపోయింది, దయచేసి ప్రార్థించండి అని చెప్పి పంపాను. పంపిన కాసేపటికే ఫోను ఊపిరి తిరక్కుండా మోగటం మొదలుపెట్టింది. ఒకరు ఏడుస్తూ ప్రార్థన, ఒకరు పాడుతూ ప్రార్థన. వాళ్ళ తోడికోడళ్ళకి, విశాఖపట్నంలో ఉన్న అక్కచెల్లెళ్ళకి పంపి వాళ్ళ చేత కూడా చేయించారు. నేను ఒక్కొక్కటీ విని ఆమెన్ పెడుతున్నాను. మధ్యమధ్య ఫోన్లు చేసేవాళ్ళు చేస్తున్నారు. ఒకరితో మాట్లాడుతుండగా చెవిలో టుంగు టుంగుమని ఏదో కొట్టుకునేది. ఇది కూడా ఇప్పుడే పాడవాలా అని ఫోనుని తిట్టుకుని, గట్టిగా అరిచి మాట్లాడేదాన్ని.

ఇంట్లో ఉండలేక ఆటో పట్టుకుని ఫీనిక్స్ బేకి వెళ్ళాను. జెట్టీ దగ్గర మామూలుగానే ఉంది. క్యూలో జనం, సామాన్లు మోసేవాళ్ళు, టీ తాగుతున్న బోటు మనుషులు. ఆ మామూలు చూసి నాకు ఒళ్ళు మండింది. కౌంటర్లో అతన్ని హట్‌బే బోటు సంగతేమిటని అడిగితే వస్తోంది, అలలెక్కువ, లేటవుతుంది అన్నాడు. ఎక్కడ వస్తోంది, చూడు అని ఫోను అద్దానికి ఆనించి చుక్క చూపించాను. అతను వంగి చూసి నవ్వాడు. ఒడ్డుకి దూరమయ్యాక ఆ చుక్కకి సిగ్నల్ అందదు ఆంటీ, పాత చోటే చూపిస్తుంది, బోటు మాత్రం నడుస్తూనే ఉంటుంది అని హిందీలో నింపాదిగా చెప్పాడు. నేను నమ్మలేదు. జనాన్ని కంగారు పెట్టకుండా ఉండటానికి అలాగే చెప్పమని వీళ్ళకి పైనుంచి ఆర్డరు ఉంటుందనుకున్నాను. ఇంతలో ఫోను చార్జింగ్ అయిపోయి చచ్చింది. చావదా మరి, పొద్దున్నుంచి చుక్కని చూసీ, ప్రార్థనలన్నీ వినీ.

బోటు వచ్చింది. కౌంటర్లో అతను చెప్పినట్టే, లేటుగా, చక్కగా, తనంతట తాను నడుచుకుంటూ వచ్చింది. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. గేటు దగ్గర అందర్నీ తోసుకుని ముందుకెళ్ళి నిలబడ్డాను. దిగేవాళ్ళు దిగుతున్నారు. వాంతులు చేసుకుని వడిలిపోయిన మొహాలు, చంకల్లో పిల్లలు, కొబ్బరికాయల బస్తాలు. ప్రతి ఆడమనిషి మొహమూ చూశాను. ఆఖరి మనిషి దిగాడు. తర్వాత బోటువాళ్ళు దిగారు. నా కూతురు దిగలేదు.

బోటులో పనిచేసేవాణ్ణి ఒకణ్ణి చెయ్యి పట్టుకుని ఆపాను. కడుపుతో ఉన్న అమ్మాయి, పక్కన భర్త, ఎక్కడున్నారని అడిగాను. అలాంటివాళ్ళెవరూ ఎక్కలేదు దీదీ అన్నాడు. ఎక్కకపోవడమేమిటి? ఎక్కకపోతే ఎక్కడున్నట్టు? మాట్లాడదామంటే ఫోను నల్లగా, అద్దంలా ఉంది, నా మొహమే కనబడుతోంది అందులో. అక్కడే సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాను. చుక్క ఆగినప్పుడు కనీసం నా కూతురు ఎక్కడుందో నాకు తెలుసనుకున్నాను. ఇప్పుడు అదీ తెలియదు.

సామాన్లు మోసే భయ్యా ఒకడు నన్ను చూసి ఆగాడు. ఏమైంది దీదీ అని అడిగాడు. నేను ఫోను పైకెత్తి చూపించాను. అతను నన్ను లేవదీసి టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ చార్జింగ్‌లో ఉన్న ఎవరిదో ఫోను పీకి నాది పెట్టించాడు. టీ ఇప్పించాడు. ఆ ఫోను మేలుకోవడానికి తీసుకున్న టైము నా జన్మలో మర్చిపోను. మేలుకుందో లేదో ప్రార్థనలు మళ్ళీ బిలబిలమంటూ దిగాయి. ఒకదాని మీద ఒకటి జోడించిన చేతుల బొమ్మలు, పావురాలు, ఆమెన్ పెట్టలేదేమని అడుగుతున్న అక్కయ్యలు. నేను వాటిని కిందికి జరుపుతూ పోయాను. ఎంత జరిపినా జోడించిన చేతులే. అందరి కిందా, అడుగున, అల్లుడి పేరు కనబడింది. ఎర్ర అక్షరాల్లో మిస్డ్ కాల్స్. నా చెవిలో టుంగు టుంగుమన్నది అతనేనని అప్పుడర్థమైంది. వాటి కింద ఒక గొంతు మెసేజి.

నొక్కాను.

"అత్తయ్యా, మేం బోటు ఎక్కలేదు. పొద్దున్నే అస్పతాల్ పోయినాం, మీరు చెప్పినారు కదా మొహం ఉబ్బిందని. బీపీ బహుత్ ఎక్కువ ఉంది అన్నారు, బోటెక్కితే ఖత్రా అన్నారు. హెలికాప్టర్‌లో పోర్ట్‌బ్లెయిర్ తెచ్చేసినారు. అక్కడ పొద్దున్నుంచి టవర్ లేదు, ఇప్పుడే దిగినాం. మీ ఫోన్ ఎంగేజ్ వస్తా ఉంది. పెద్దాస్పత్రికి రండి అత్తయ్యా, జల్దీ రండి."

అల్లుడికి తెలుగు రాయటం రాదు, నాకు ఇంగ్లీషు అక్షరాలు గబగబా చదవటం రాదు, అందుకే పాపం గొంతుతో పంపాడు. నా కూతురు ఒక్క నిమిషం కూడా సముద్రం మీద లేదు. నేను చుక్కని పట్టుకుని ఏడుస్తున్నప్పుడు నా నెత్తిమీద నుంచే ఎగిరి వచ్చి, మా ఇంటికి ఆటో దూరంలో పడుకుని ఉంది. జన్మలో మొదటిసారి అది సరేలే అన్న పని చేసింది. ఆ భయ్యా నన్ను ఆటో ఎక్కించేదాకా వదల్లేదు. అతని పేరైనా అడగలేదు నేను.

ఆస్పత్రి వరండాలో అల్లుడు కనబడ్డాడు. మొహం చూడగానే తెలిసింది, గండం గడిచిందని. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు, అమ్మాయి బాగుంది, ఆడపిల్ల, నెల తక్కువైనా గట్టిగా ఏడ్చింది అని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. నేను గోడ పట్టుకుని అక్కడే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. మా సమాజం వాళ్ళు విని ఉంటే ఇదీ ఒక ప్రార్థనేనా అని ఉండేవారు, అంత పొట్టి. పొద్దున్నుంచి పేరుకున్నదంతా అప్పుడు కరిగి కళ్ళలోంచి కారిపోయింది.

లోపలికి వెళ్తే నేనెప్పుడూ చూడని పెద్దావిడ ఒకరు నా మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మీరెవరండీ అన్నాను. ఈ బిడ్డ అమ్మమ్మ ఎక్కడుందో తెలియటం లేదు, ఆవిడ వచ్చేదాకా నేను పట్టుకున్నాను అంది. ఇంకో తెలుగు చర్చి మనిషి. తన కోడల్ని చూడటానికి వచ్చిందట. నేను పెట్టిన మనవి ఎవరెవరి చేతులో మారి ఆవిడ ఫోనుకి చేరేసరికి బోటు మునిగిపోయిందట. హట్‌బే పిల్ల, నిండు కడుపు, ఆ వివరాలు మాత్రం మారలేదు. వరండాలో మా అల్లుడు తెలుగులో తనలో తాను గొణుక్కుంటూ తిరగటం చూసి, ఏ ఊరు నాయనా అని అడిగిందట. హట్‌బే అనగానే ఆ పిల్ల ఈ పిల్లేనని అర్థమైపోయింది. అంతే, తన కోడలికి తెచ్చిన పాలు, ఉతికిన గుడ్డలు అన్నీ మా పిల్లకి ఇచ్చేసింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు నా కూతురి చెయ్యి పట్టుకున్నది, నీ బోటు కోసం ఊరంతా ప్రార్థన చేస్తోంది తల్లీ అన్నది కూడా ఆవిడే. నేను ఆవిడ రెండు చేతులూ నా కళ్ళకి అద్దుకున్నాను. టీ బడ్డీ దగ్గర ఆ గ్రూపుని మనసులో తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

అమ్మాయి కళ్ళు తెరిచి ఉంది. మత్తు ఇంకా దిగలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నుదురు నిమిరాను. మొహంలో ఉబ్బు అలాగే ఉంది, అయినా ఎంత అందంగా కనబడిందో నాకు.

"పొద్దున్నుంచి నీ ఫోన్ ఎంగేజే," అంది. "ఎవరితోనమ్మా అంతసేపు?"

"అందరితోనూ. నీ గురించే," అన్నాను.

అది అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక దాని పొట్ట కదిలింది. నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి అంటూ కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి జారాయి. నేను కొంగుతో తుడిచాను. నవ్వో, ఏడుపో, మా ఇద్దరిదీ ఒకటే అయిపోయింది. అంతలో నా సంచిలో ఫోను మళ్ళీ మోగింది. తీసి కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. అమ్మాయి కళ్ళు తెరవకుండానే నా చెయ్యి నొక్కింది.

"ఎత్తమ్మా," అంది. "పాపం, వాళ్ళింకా నన్ను సముద్రంలోనే ఉంచారు."